నేరు బదిలీ

చిట్టీలక్క అనే పేరు ఆమెకు సొంత తమ్ముడే పెట్టాడు. పెట్టినప్పుడు ఎగతాళికే పెట్టాడు గానీ, ఏడాది తిరక్కుండానే గోడౌనులో మూటలు మోసేవాళ్ళ దగ్గర్నుంచి పైన ఆఫీసులో పెద్దాయన దాకా అందరి నోళ్ళలోనూ అదే నానింది. చివరికి జీతాల కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా కనపడకుండా పోయింది.

పెద్దాయనకు ఊళ్ళో మూడు చెప్పుల షాపులుండేవి. ఒకటి బస్టాండుకు ఎదురుగా, ఒకటి ఆస్పత్రి రోడ్డులో, మూడోది సినిమా హాలు పక్కన. మూడింటికీ కలిపి వెనక సందులో ఒక గోడౌను. ఒకప్పుడు అది ప్రింటింగు ప్రెస్సు. ఎన్నిసార్లు సున్నం వేయించినా గోడల మీది సిరా మరకలు పోలేదు. లోపల అడుగుపెడితే రబ్బరు, జిగురు, కొత్త అట్టపెట్టెల వాసన కలగలిసి గుప్పుమనేది. ఇరవై రెండేళ్ళు అందులోనే ఉండేసరికి చిట్టీలక్కకు ఆ వాసన తెలియడమే మానేసింది.

చెప్పుల వ్యాపారంలో చిక్కంతా సైజులది. ఏడో నంబరు బూట్లు బస్టాండు షాపులో దుమ్ము కొట్టుకుని పడుంటాయి. అదే పూట ఆస్పత్రి రోడ్డులో ఏడో నంబరు కోసం వచ్చిన మనిషి లేదనిపించుకుని వెళ్ళిపోతాడు. ఎక్కడ ఎక్కువైందో అక్కణ్ణుంచి తీసి, ఎక్కడ తక్కువైందో అక్కడికి పంపడాన్ని వాళ్ళు బదిలీ అనేవాళ్ళు. ఆ బదిలీలన్నీ ఆమె చేతి మీదుగా జరిగేవి. మూట కట్టే ముందు జతలు లెక్కపెట్టి రెండు చిట్టీలు రాసేది. తెల్లది తన దగ్గర ఉంచుకునేది. పసుపుది మూటతో వెళ్ళేది. అవతలి షాపువాళ్ళు మూట విప్పి, లెక్క చూసుకుని, పసుపు చిట్టీ మీద సంతకం పెట్టి తిప్పి పంపాలి. అది చేతికి వచ్చేదాకా ఆ సరుకు ఆమె నెత్తిన ఉన్నట్టే. అన్నం తింటున్నా ధ్యాస దాని మీదే ఉండేది.

మూటలు తీసుకెళ్ళే వ్యాను నడిపేది తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి పదకొండేళ్ళు. అప్పటికే పెళ్ళయి వేరే ఇంట్లో ఉన్న అక్క వాడిని తనతో తెచ్చుకుంది. మరో మూడేళ్ళకు ఆమె భర్త కూడా పోయాడు. పిల్లల్లేరు. ఇక ఉన్న ప్రాణమంతా వాడి మీదే పెట్టుకుంది. వాడికి చదువు అబ్బకపోతే డ్రైవింగు నేర్పించింది. పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి వ్యాను ఇప్పించింది. తనే చూసి పెళ్ళి చేసింది.

"మా అక్క నన్ను ఇంటికి కూడా చిట్టీ రాసే పంపిస్తుంది," అని మూటలెత్తేవాళ్ళతో అనేవాడు వాడు. "మా ఆవిడ లెక్క చూసుకుని, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయని సంతకం పెడితేనే మర్నాడు పన్లోకి రానిస్తుంది."

వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆమె తలెత్తకుండానే, "నీ కాళ్ళూ చేతులూ ఎవరిక్కావాలిరా, ముందు మూట చేరిందో లేదో చెప్పు," అనేది.

మరదలు నెమ్మదైన మనిషి. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధివాళ్ళ బట్టలు కుట్టేది. "వదినా, మీ తమ్ముడికి మీరు చెప్తేనే ఎక్కుతుంది, నా మాట గాలికి పోతుంది," అని నవ్వుతూ ఫిర్యాదు చేసేది. ఆదివారాలు ముగ్గురూ కలిసే తినేవాళ్ళు. అలా తొమ్మిదేళ్ళు గడిచాక మరదలికి కాళ్ళు వాచడం మొదలైంది. పరీక్షలు చేసి కిడ్నీలు రెండూ చెడిపోయాయన్నారు. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం మూడింటికల్లా ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను దగ్గర ఉండాలి. పావుగంట ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాత ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే.

అక్కడ వచ్చింది ఇబ్బంది. ఏ షాపులోనైనా మధ్యాహ్నం మూట దింపితే దాన్ని విప్పి లెక్కపెట్టడానికి మనిషి దొరకడు. బేరాలు వదిలి ఎవరొస్తారు? ఆస్పత్రి రోడ్డు షాపు మేనేజరు అయితే మరీ చాదస్తుడు. ప్రతి పెట్టె మూత తీసి, ఎడమదీ కుడిదీ ఒకే సైజో కాదో చూసి గానీ సంతకం పెట్టడు. తమ్ముడు వ్యానుకి ఆనుకుని గడియారం చూసుకుంటూ నిలబడేవాడు.

"నిన్న కూడా లేటయింది అక్కా," అన్నాడు ఒకరోజు. "ఏడింటి దాకా వరండాలోనే కూచోబెట్టారు. దానికి ఊపిరాడలేదు. నర్సును బతిమాలితే విసుక్కుంది."

ఆమె తర్వాతి మూట లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పసుపు చిట్టీలు లేకుండా మూటలు పంపమని వాడు అడగలేదు.

పెద్దాయనకు చూపు మందగించాక కూతురు వ్యాపారం చేతిలోకి తీసుకుంది. అందరూ చిన్నమేడం అనేవాళ్ళు. వచ్చిన ఆర్నెల్లలోనే మూడు షాపుల్లోనూ, గోడౌనులోనూ కంప్యూటర్లు పెట్టించింది. ఒక ఉదయం చిట్టీలక్కను పైకి పిలిచి, కుర్చీ జరిపి పక్కనే కూచోబెట్టుకుంది.

"ఇందులో బదిలీకి రెండు పద్ధతులున్నాయి అక్కా. ఒకటి నేరు బదిలీ. మీరు ఇక్కడ ఒక్కసారి నొక్కితే చాలు, గోడౌనులో సరుకు తగ్గిపోతుంది, అదే క్షణంలో షాపులో పెరిగిపోతుంది. అక్కడ ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. రెండోది రెండంచెల బదిలీ. మీరు పంపాక సరుకు దారిలో ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడివాళ్ళు లెక్కపెట్టుకుని అందిందని నొక్కేదాకా దారిలోనే ఉంటుంది. ఏది పెట్టమంటారు?"

"నన్నడుగుతారేంటమ్మా?"

"ఈ పని మీకు తెలిసినంత నాకు తెలీదు. నాన్నక్కూడా తెలీదు. మీరు ఏది చెప్తే అదే."

ఇరవై రెండేళ్ళలో ఆమెను ఎవరూ అలా అడగలేదు. ఏది సరైనదో ఆమెకు ఆలోచించకుండానే తెలుసు. రెండోది తన రెండు చిట్టీల పద్ధతే, కాగితం బదులు కంప్యూటరు, అంతే. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది. "రేపు చెప్తానమ్మా," అని దిగి వచ్చేసింది.

మధ్యాహ్నం గోడౌను బయట కుళాయి దగ్గర తమ్ముడు మొహం కడుక్కుంటున్నాడు. చొక్కా వేలాడిపోతోంది. ఎప్పుడు ఇంత చిక్కిపోయాడో ఆమె గమనించనేలేదు.

"ఇవాళ ఆస్పత్రి ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"ఎన్నింటికి వెళ్తావు?"

"ఆ మేనేజరు లెక్క ఎప్పుడు తెమిలితే అప్పుడు," అని భుజమ్మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని వ్యానెక్కాడు.

మర్నాడు ఆమె పైకి వెళ్ళి, "మొదటిదే పెట్టండమ్మా. నేరుదే," అంది. చిన్నమేడం కాస్త ఆశ్చర్యపోయింది. "లెక్క చూసుకునేవాళ్ళు ఉండరు కదా, ఫర్వాలేదా?" అంది. "పంపేటప్పుడు నేను చూస్తాను కదమ్మా. పని తొందరగా అవుతుంది," అంది చిట్టీలక్క. ఆ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగమే చెప్పింది.

తర్వాతి నాలుగు నెలలు హాయిగా గడిచాయి. వ్యాను షాపు ముందు ఆగడం, మూట దింపడం, వెళ్ళిపోవడం. రెండున్నరకల్లా తమ్ముడు భార్యను తీసుకుని ఆస్పత్రి గేటు దగ్గర ఉండేవాడు. మరదలి మొహం కాస్త తేరుకుంది. కుట్టుమిషను మీది దుమ్ము దులిపి మళ్ళీ చిన్నచిన్న కుట్టుపనులు ఒప్పుకుంది. ఒక ఆదివారం చిట్టీలక్క చెయ్యి పట్టుకుని, "ఆ కంప్యూటరెవరో పెట్టారు గానీ వదినా, వాళ్ళు చల్లగా ఉండాలి," అంది. చిట్టీలక్క నవ్వి ఊరుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు మూలాన మాత్రం మనసు ఊరుకునేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఏదో మర్చిపోయినట్టు బల్ల సొరుగు తెరిచి చూసి, మళ్ళీ మూసేసేది.

ఆర్నెల్లకోసారి మూడు షాపుల్లో సరుకంతా దింపి జత జతా చూస్తారు. ఆ తనిఖీలో ఆస్పత్రి రోడ్డు షాపులో ఇరవై నాలుగు జతలు తగ్గాయి. అన్నీ మగవాళ్ళ తోలు బూట్లు, షాపులో ఉన్నవాటన్నిటిలోకీ ఖరీదైనవి. కంప్యూటరులో చూస్తే, వానాకాలంలో ఒకరోజు గోడౌను నుంచి ఒకే మూటగా వెళ్ళినట్టుంది. ఆ రోజే షాపుకి చేరినట్టూ ఉంది.

పైన ఆఫీసులో చిన్నమేడం, మేనేజరు, చిట్టీలక్క కూర్చున్నారు. తమ్ముణ్ణి పిలవలేదు. కానీ వాడు వచ్చి తలుపు బయట మెట్ల దగ్గర నిలబడ్డాడు. కిటికీ అద్దంలోంచి వాడి భుజం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"ఆ మూట నా షాపుకి రాలేదు మేడం," అన్నాడు మేనేజరు. "వస్తే ఎక్కడికి పోతాయి? బూట్లయినా వాటంతటవే నడిచిపోవు కదా."

అతను అబద్ధాలాడే మనిషి కాదని ముగ్గురికీ తెలుసు. గోడౌనులో మూట లేదని కూడా తెలుసు. ఇక మిగిలింది మధ్యలో దారి. ఆ దారిలో ఉన్నది ఒక్కడే మనిషి. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

చిన్నమేడం కంప్యూటరు తెర వైపు చూసి, "అక్కా, మీరు రెండో పద్ధతి చెప్తారనే నేను అనుకున్నాను. నేరుదే ఎందుకు కావాలన్నారు?" అని అడిగింది.

చిట్టీలక్క కిటికీ వైపు చూసింది. తమ్ముడికి తీరిక దొరకాలని అలా చేశానంటే, అక్కా తమ్ముడూ ముందే కూడబలుక్కున్నారంటారు. చెప్పకపోతే తనకు పని తెలియదంటారు. పని తెలియదనిపించుకోవడమే నయమనుకుంది.

"తొందరగా అవుతుందని," అంది నేల చూస్తూ. "అంతే. నాకు తట్టలేదమ్మా."

వాణ్ణి వెనకేసుకొస్తూ ఒక్క మాట కూడా అనలేదని మెట్లు దిగుతున్నప్పుడు గానీ ఆమెకు తోచలేదు. అప్పటికి వాడు అక్కడ లేడు.

ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరదలు లోపల పడుకుని ఉంది. ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు. దారి పొడుగునా ఆమె తల ఒకటే లెక్క వేస్తూ వచ్చింది: మందులు, సూదులు, ఆస్పత్రికి రానూపోనూ ఆటో, కుట్టుపని ఆగిపోయిన నెలలు. ఆ లెక్క తను వేస్తున్నందుకు సిగ్గుపడుతూనే వేసింది.

"నాతో నిజం చెప్పు," అంది గొంతు తగ్గించి. "నీకు అవసరమై తీశావా? తీసుంటే చెప్పు. నేను ఏదో ఒకటి చేస్తాను. ఎవరికీ తెలియనివ్వను."

తమ్ముడు ఆమె వైపు తిరిగి చూశాడు. కోపగించుకుంటాడనుకుంది. కోపం లేదు. తప్పిపోయిన మనిషిని గుంపులో వెతుక్కుంటున్నట్టు ఆమె మొహంలోకి చూశాడు.

"వాళ్ళు అనుకుంటే అనుకోనీ," అన్నాడు. "నువ్వు కూడానా అక్కా."

అంతే. లోపల మరదలు దగ్గింది. వాడు లేచి లోపలికి వెళ్ళాడు, మళ్ళీ బయటికి రాలేదు. ఆమె ఇంకాసేపు కూర్చుని, తనే లేచి వచ్చేసింది.

వాణ్ణి ఎవరూ పనిలోంచి తీసెయ్యలేదు. సంగతి తేలేదాకా సెలవులో ఉండమని మాత్రమే చిన్నమేడం అంది. వాడు మర్నాడు వచ్చి, వ్యాను కడిగి, సీటు కింద తన గుడ్డలూ సీసా తీసుకుని, తాళాలు గోడౌను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె అప్పుడు నిచ్చెన మీద ఉంది. దిగేసరికి సందు మలుపు తిరిగాడు.

ఆ రోజే ఆమె పైకి వెళ్ళి రెండంచెల పద్ధతి పెట్టించింది. కొత్త డ్రైవరు గొణిగాడు. షాపులవాళ్ళు సణిగారు. ఆమె పట్టించుకోలేదు.

తమ్ముడి ఇంటికి వెళ్ళడానికి మాత్రం మొహం చెల్లలేదు. రేపు వెళ్దాం, ఆదివారం వెళ్దాం అనుకుంటూ ఏడు వారాలు గడిపింది. రెండుసార్లు బస్సెక్కింది కూడా. ఒకసారి వాళ్ళ వీధి చివర పళ్ళ కొట్టు దాకా వెళ్ళి, పళ్ళు కొని, ఆ పళ్ళతోనే వెనక్కి వచ్చేసింది. ఏమని మొదలుపెట్టాలి? నిన్ను నమ్ముతున్నాననా? నమ్ముతున్నదో లేదో ఆమెకే తెలియదు. అదే అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఎనిమిదో వారంలో, ఒక మంగళవారం పొద్దున, వాళ్ళ పక్కింటామె ఫోను చేసి మరదలు పోయిందని చెప్పింది. గుండె ఆగిపోయిందట. చిట్టీలక్క పరుగెత్తుకుని వెళ్ళింది. తమ్ముడు ఏడవలేదు, ఆమెను చూసి దూరంగానూ జరగలేదు. వచ్చినవాళ్ళందరికీ ఎలా కుర్చీ వేశాడో ఆమెకూ అలాగే కుర్చీ వేశాడు. ఆ కుర్చీ చూసి ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది. ఆ ఇంట్లో ఏనాడూ ఆమె కుర్చీలో కూర్చోలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో బస్టాండు షాపు అటక విప్పించారు. చెద పట్టిందని వడ్రంగులను పిలిచారు. పాత బోర్డులు, విరిగిన బల్లలు దింపుతుంటే వెనక గోడకు ఆనించి విప్పని మూట ఒకటి కనిపించింది. గోడౌనుకు కబురొస్తే చిట్టీలక్క తనే నడుచుకుంటూ వెళ్ళింది. మూట మీద ఆమె చేతిరాత వానకు తడిసి అలుక్కుపోయింది. మొదటి అక్షరం 'ఆ' ఒక్కటే మిగిలింది. విప్పితే ఇరవై నాలుగు జతలూ ఉన్నాయి, పెట్టెల మూతలకు కాస్త బూజు తప్ప.

జరిగింది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ రోజు జోరువాన. ఆస్పత్రి వేళ దగ్గరపడింది. తమ్ముడు బస్టాండు షాపు ముందు రెండు మూటలూ దింపేసి ఉంటాడు. అక్కడివాళ్ళు తమది విప్పుకున్నారు. రెండోది ఎవరిదో తర్వాత అడుగుదామని తడవకుండా అటక మీదికి ఎక్కించి మర్చిపోయారు. అప్పటి అమ్మాయిలిద్దరూ పని మానేసి వెళ్ళిపోయారు కూడా. అటక మీద ఉండేది చెత్త సామానేనని తనిఖీలో ఎవరూ పైకెక్కి చూడలేదు. ఆ రోజు ఆస్పత్రి రోడ్డులో ఒక మనిషి మూట కోసం ఎదురుచూసి ఉంటే, రాలేదని ఆ సాయంత్రమే తెలిసిపోయేది. ఎదురుచూసే పని లేకుండా చేసింది తను.

పెద్దాయన కర్ర సాయంతో మెట్లు దిగి గోడౌనుకు వచ్చాడు. "వాణ్ణి రమ్మను. నేనే మాట్లాడతాను. వ్యాను వాడిదే," అన్నాడు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

తమ్ముడు అప్పటికి మంచినీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు. మర్నాడు పొద్దున ఆమె నీళ్ళు నింపే చోటికి వెళ్ళింది. లావుపాటి గొట్టం ట్యాంకరులోకి పెట్టి, నిండేదాకా వాడు టైరు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమె కూడా పక్కనే కూర్చుంది.

"బూట్లు దొరికాయి," అంది. "బస్టాండు షాపు అటక మీద."

"ఆ వాన రోజు," అన్నాడు. "అయితే నేనే దింపేసుంటాను. తప్పు నాదే."

"నీది కాదు. లెక్క చూసే మనిషి లేకుండా చేసింది నేను."

"నాకోసమే కదా చేశావు. నాకు తెలుసు. ఆ రోజు మెట్ల మీద కూడా తెలుసు."

ట్యాంకరులో నీళ్ళ చప్పుడు మారుతోంది. వాడు లేచి గొట్టం సర్ది మళ్ళీ వచ్చాడు.

"పెద్దాయన రమ్మంటున్నాడు. వ్యాను నీదేనన్నాడు."

"వద్దులే."

"నేను అడగకూడని మాట అడిగాను," అందామె.

"అడిగావని కాదు అక్కా," అన్నాడు వాడు, ట్యాంకరు వైపు చూస్తూ. "నన్ను అడుగు, తిట్టు, కొట్టు. పెంచినదానివి. కానీ అది ఆఖరి రోజుల్లో రోజూ అడిగేది, వదిన రావట్లేదేంటి, వదినకు నా మీద కోపమా అని. ఏం చెప్పమంటావు దానికి? పనెక్కువైందని చెప్పాను. నమ్మింది."

నీళ్ళు నిండి పైనుంచి పొర్లాయి. వాడు వెళ్ళి వాల్వు తిప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ తడి నేల మీదే చాలాసేపు కూర్చుంది. వెళ్ళేముందు వాడు వచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు. "ఎండెక్కుతోంది, ఆటోలో వెళ్ళు," అన్నాడు.

వాడు తిరిగి ఆ వ్యాను ఎక్కలేదు. ఆమె మరో మూడేళ్ళు గోడౌనులో పనిచేసి, మోకాళ్ళు పట్టేయడంతో మానేసింది. ఇప్పుడు వాడు నెలకో ఆదివారం వస్తాడు. కుళాయి కారుతుంటే బాగుచేస్తాడు, బల్బు పోతే మారుస్తాడు. ట్యాంకరు గురించీ, రోడ్ల గురించీ మాట్లాడతాడు. పెట్టినది పెట్టినట్టు తింటాడు, బాగుందంటాడు. తిన్నాక, మునుపటిలా అక్కడే వదిలెయ్యకుండా, పళ్ళెం తనే తీసుకెళ్ళి కడిగి, గట్టు మీద బోర్లిస్తాడు. ఆమె వద్దనదు. వాడు వెళ్ళాక ఆ పళ్ళేన్ని తుడిచి లోపల పెడుతుంది.